క్లినికల్ పరిశోధకుల తయారీ: చదువు, సమయం, కొలువు

ఒక మందు గానీ, టీకా గానీ, కొత్త శస్త్రచికిత్సా పద్ధతి గానీ మనుషులకు మేలు చేస్తుందా లేదా అన్నది తేల్చడానికి ప్రయోగశాల ఒక్కటే చాలదు. రోగుల మధ్య, వారి సమ్మతితో, ముందుగా రాసిపెట్టుకున్న పద్ధతి ప్రకారం జరిపే పరిశీలన కావాలి. దీనినే క్లినికల్ పరిశోధన అంటారు. ప్రయోగశాలలో తెలిసిన విషయాన్ని చికిత్సగా మలచడం, ఆ చికిత్సను పెద్దాసుపత్రి నుంచి మామూలు ఊళ్ల దాకా చేర్చడం, అక్కడ ఎదురైన చిక్కులను మళ్లీ ప్రశ్నలుగా మార్చి ప్రయోగశాలకు పంపడం అనే రాకపోకలన్నిటినీ కలిపి ట్రాన్స్‌లేషనల్ పరిశోధన అని వ్యవహరిస్తున్నారు. ఈ రెండు పనులూ చేయగల యువ శాస్త్రవేత్తలను ఎలా తయారుచేయాలన్న విషయం మీద గత డెబ్బై ఏళ్లలో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టినదీ, ఎక్కువ వాదించుకున్నదీ అమెరికా. ఆ అనుభవాన్ని, దాని పక్కన బ్రిటన్, భారతదేశాల అనుభవాన్ని పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: ఈ శిక్షణలో పాఠాలు చెప్పడం తేలికైన భాగం, వైద్యుడికి వార్డు పని నుంచి సమయం విడిపించడం, శిక్షణ ముగిసేనాటికి ఒక కొలువు సిద్ధంగా ఉంచడం కష్టమైన భాగాలు. తేలికైనది కావడం వల్లనే పాఠాలు ఏటా పెరుగుతూ వచ్చాయి, కష్టమైనవి అక్కడక్కడే ఉండిపోయాయి.

అమెరికాలో ఈ కథకు మొదలు మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో 1953లో తెరిచిన క్లినికల్ సెంటర్. అమెరికా ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య సంస్థలకు (వీటిని ఎన్ఐహెచ్ అంటారు) చెందిన ఈ ఆసుపత్రిలో పరిశోధనలో పాల్గొనే రోగులను మాత్రమే చేర్చుకునేవారు. రోగుల గదులు ఒకవైపు, వాటికి కొద్ది అడుగుల దూరంలోనే ప్రయోగశాలలు ఉండేలా భవనాన్ని కట్టారు. అక్కడికి యువ వైద్యులను రెండు మూడేళ్ల పాటు అసోసియేట్లుగా తీసుకునే ఏర్పాటు కూడా ఆ ఏడాదే మొదలైంది. వియత్నాం యుద్ధకాలంలో వైద్యులను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకుంటున్నప్పుడు, ప్రజారోగ్య సేవలో రెండేళ్లు పనిచేస్తే సైనిక సేవ చేసినట్టే లెక్కించే వీలుండడంతో, దేశంలోని అత్యంత ప్రతిభావంతులైన వైద్య పట్టభద్రులు ఈ కొద్దిపాటి స్థానాల కోసం పోటీపడ్డారు. వీరిని ఎగతాళిగా పసుపు టోపీల సైన్యం అనేవారు. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్, హెరాల్డ్ వార్మస్, రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్ అనే నలుగురూ 1968లోనే ఆ ఆవరణలో అడుగుపెట్టారు. నలుగురికీ తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క ఏడాది చేరినవారిలో నలుగురు నోబెల్ గ్రహీతలు తేలడాన్ని శిక్షణ పద్ధతి గొప్పతనంగా చెప్పుకోవడం రివాజు. దానిలో నిజం ఉంది గానీ, యుద్ధం భయంతో వడపోసి పంపిన ప్రతిభ అది అన్న సంగతి కూడా మరచిపోరాదు.

అయినా ఆ రెండేళ్లలో వారికి దొరికినదేమిటో గమనించదగ్గది. గోల్డ్‌స్టీన్ అక్కడ చూసిన రోగుల్లో బాల్యంలోనే గుండెపోటుకు గురయ్యే ఒక అన్నాచెల్లెళ్ల జంట ఉంది. వారసత్వంగా వచ్చిన లోపం వల్ల వారి రక్తంలో కొలెస్ట్రాల్ మామూలు మనుషులకంటే అనేక రెట్లు ఎక్కువగా ఉండేది. ఎందుకలా ఉందన్న ప్రశ్నను వదలక పట్టుకుని, తర్వాత డల్లాస్‌కు వెళ్లి బ్రౌన్‌తో కలిసి పనిచేసి, రక్తంలోని కొలెస్ట్రాల్‌ను కణాలు లోపలికి తీసుకునే గ్రాహకాన్ని కనుగొన్నారు. 1985లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. పిల్లలను పరీక్షించిన వైద్యుడే కణాలను పెంచిన శాస్త్రవేత్త కావడం వల్ల ప్రశ్న ఒకరి నుంచి మరొకరికి చేతులు మారే అవసరం రాలేదు. అక్కడ తరగతులు లేకపోలేదు గానీ, వారిని తీర్చిదిద్దినవి తరగతులు కావు: జీతం ఇస్తూ, ఓపీ లెక్కలు అడగకుండా, పరిశోధన తెలిసిన పెద్దవారి చెంత రెండేళ్లు ఉండనివ్వడమే శిక్షణ.

1973లో నిర్బంధ సైనిక సేవ ముగియడంతో ఆ వరద తగ్గింది. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్య విభాగాధిపతి జేమ్స్ వైన్‌గార్డెన్ న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంలో క్లినికల్ పరిశోధకుడిని అంతరించిపోతున్న జీవజాతితో పోల్చాడు. మూడేళ్ల తర్వాత ఆయనే ఎన్ఐహెచ్ డైరెక్టర్ అయ్యాడు. ఆ పోలిక అప్పటి నుంచీ ప్రతి కమిటీ నివేదికలోనూ వాడివాడి అరిగిపోయింది గానీ, ఆయన చెప్పిన కారణాలు ఇప్పటికీ పాతబడలేదు. వైద్యవిద్య అప్పులు పెరిగాయి. ప్రత్యేక విభాగాల్లో శిక్షణ ఏళ్లకేళ్లు సాగుతోంది. అది ముగిశాక ప్రాక్టీసులో వచ్చే రాబడికీ పరిశోధనలో వచ్చే జీతానికీ పొంతన లేదు. దానికితోడు అణుజీవశాస్త్రం ఎంత వేగంగా ఎదిగిందంటే, వారానికి రెండు పూటలు ప్రయోగశాలకు వచ్చే వైద్యుడు దాన్ని అందుకోలేని స్థితి వచ్చింది. అమెరికాలో వైద్యవృత్తిలో ఉన్నవారిలో పరిశోధనే ప్రధాన వ్యాపకంగా గలవారు 1980లలో నూటికి 4.7 మంది ఉండగా, ఎన్ఐహెచ్ 2014లో ప్రచురించిన నివేదిక నాటికి ఆ సంఖ్య 1.5 ప్రాంతానికి దిగింది. మొత్తం వైద్యుల సంఖ్య పెరగడం వల్ల కూడా ఈ శాతం కుదించుకుపోయిందన్నది నిజమే. అయినా వయసు మళ్లుతున్న ఈ వర్గంలోకి కొత్తవారు తగినంతగా చేరడం లేదన్న నివేదిక సారాంశాన్ని ఎవరూ కాదనలేదు.

దీనికి వెతికిన మందుల్లో పాతది, ఎండీ, పీహెచ్‌డీలను కలిపి ఏడెనిమిదేళ్లలో చదివించే పథకం. 1964లో మూడు విద్యాసంస్థలతో మొదలైన ఈ పథకం ఇప్పుడు యాభై దాకా సంస్థలకు విస్తరించింది. ఇది పరిశోధకులను తయారుచేసిందనడంలో సందేహం లేదు గానీ, వారిలో అధికులు ప్రయోగశాల శాస్త్రవేత్తలుగానే స్థిరపడ్డారు. రోగుల మీద ట్రయల్ నడిపేవారి కొరత దానివల్ల తీరలేదు. ఆ లోటును సూటిగా ఎత్తిచూపినది, హెరాల్డ్ వార్మస్ ఎన్ఐహెచ్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు డేవిడ్ నేథన్ అధ్యక్షతన వేసిన సంఘం. 1997లో అది ఇచ్చిన నివేదిక ఫలితంగా మరి రెండేళ్లలోనే మూడు రకాల గ్రాంట్లు పుట్టాయి. వాటిలో ఒకటి యువ వైద్యులకు, ఒకటి వారిని తీర్చిదిద్దే అనుభవజ్ఞులకు, మూడోది పాఠ్యక్రమాలు నెలకొల్పే సంస్థలకు.

ఈ మూడింటిలో మొదటిది, కె23 అనే పేరుతో వ్యవహారంలో ఉన్నది, ఈ చర్చకంతటికీ కేంద్రం. మూడు నుంచి ఐదేళ్ల పాటు ఇచ్చే ఈ గ్రాంటు పొందిన వైద్యుడు తన వృత్తి సమయంలో కనీసం 75 శాతం పరిశోధనకూ, దానికి సంబంధించిన శిక్షణకూ ఇవ్వాలి. ఆ మేరకు విభాగాధిపతి అతన్ని ఓపీ, డ్యూటీల నుంచి తప్పిస్తానని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇలా కాపాడి ఉంచిన సమయాన్ని రక్షిత సమయం అంటారు. శస్త్రచికిత్స చేయకపోతే చేయి మొద్దుబారుతుంది కాబట్టి శస్త్రవైద్యులకు 50 శాతం చాలునన్న సడలింపు ఇచ్చారు. చూడడానికి ఇది గణకుడి పట్టింపులా కనిపిస్తుంది గానీ, గ్రాంటు అసలు కొంటున్నది అదే: వైద్యుడి కాలాన్ని ఆసుపత్రి చేతిలో నుంచి డబ్బిచ్చి కొని, అతనికే తిరిగి ఇవ్వడం. ఈ కొనుగోలులో ఉన్న చిక్కు కూడా అక్కడే ఉంది. గ్రాంటు ఇచ్చే జీతానికి పరిమితి ఉంది, వైద్యుడి అసలు జీతం దానికి మించి ఉంటుంది, తేడాను విభాగం భరించాలి. సంపాదన తక్కువగల విభాగాలు, అంటే శిశువైద్యం, మానసిక వైద్యం, సాధారణ వైద్యం వంటివి, ఈ భారానికి వెనుకాడతాయి. సంపాదన ఎక్కువగల విభాగాల్లో ఆ తేడా ఇంకా పెద్దది. అప్పుల విషయంలో మాత్రం పరిశోధనలో ఉన్నంతకాలం ఏడాదికి 50 వేల డాలర్ల దాకా విద్యారుణాన్ని ప్రభుత్వమే తీర్చే పథకం కొంత ఊరటనిచ్చింది.

తర్వాతి మలుపు 2006. ఎలియాస్ జెర్హూనీ డైరెక్టర్‌గా ఉన్న కాలంలో, ప్రయోగశాల ఫలితాలు చికిత్సలుగా మారడంలో జరుగుతున్న జాప్యాన్ని తగ్గించే పేరుతో, క్లినికల్ అండ్ ట్రాన్స్‌లేషనల్ సైన్స్ అవార్డులనే భారీ పథకాన్ని 12 సంస్థలతో ప్రారంభించారు. కొన్నేళ్లలో ఇవి అరవై దాకా పెరిగాయి, 2011 చివరలో ఏర్పడిన ప్రత్యేక జాతీయ కేంద్రం కిందికి చేరాయి. ఒక్కొక్క సంస్థలో గణాంక సహాయం, రోగులను చేర్చుకునే వ్యవస్థ, నమూనాల నిల్వ, శిక్షణ అన్నీ ఒక గొడుగు కిందికి రావాలన్నది దీని ఉద్దేశం. శిక్షణ వరకు చూస్తే రెండు మెట్లు పెట్టారు: విద్యార్థులకూ, కొత్తగా పీహెచ్‌డీ పొందినవారికీ ఒకటి, ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలోని అధ్యాపకులకు మరొకటి. వైద్యులే కాక ఫార్మసీ, నర్సింగ్, ఇంజనీరింగ్, గణాంకశాస్త్రం చదివినవారిని కూడా ఒకే తరగతిలో కూర్చోబెట్టడం ఇందులో నిజంగా కొత్త సంగతి. క్లినికల్ పరిశోధనలో మాస్టర్స్ డిగ్రీ అన్నది అమెరికా అంతటా మామూలైపోయినదీ ఈ కాలంలోనే. ఈ పథకాన్ని సమర్థించే ప్రతి పత్రంలోనూ పరిశోధన ఫలితాల్లో నూటికి పద్నాలుగే రోగికి చేరతాయని, అందుకు సగటున పదిహేడేళ్లు పడుతుందని రాస్తారు. ఆ లెక్క 2000 నాటి ఒక పత్రంలో వేర్వేరు అధ్యయనాల జాప్యాలను వరుసగా కూడి వేసిన అంచనా. జాప్యం ఉందనడానికి అది చాలు గానీ, శిక్షణ వల్ల ఆ పదిహేడు ఎన్నేళ్లకు తగ్గిందని కొలవడానికి పనికిరాదు.

తరగతిలో నేర్పేవి వ్యర్థమని దీని అర్థం కాదు. వాటిలో ఒక్కదాన్ని దగ్గరగా చూస్తే ఎందుకు అవసరమో బోధపడుతుంది. ఒక శస్త్రచికిత్స తర్వాత నూటికి 20 మందికి ఇన్‌ఫెక్షన్ వస్తోందనుకుంటే, దాన్ని 10కి తగ్గించగలదని భావించే కొత్త పద్ధతిని పాత పద్ధతితో పోల్చాలి. నిజంగానే ఆ తేడా ఉంటే, ఐదింట నాలుగు సార్లయినా దాన్ని పట్టుకోగలిగేంత బలం అధ్యయనానికి ఉండాలంటే, మామూలుగా వాడే గణాంక ప్రమాణాల ప్రకారం ఒక్కో వర్గంలో సుమారు 200 మంది, మొత్తం 400 మంది కావాలి. చేతిలో ఉన్న ఏడాదిన్నరలో దొరికేది వంద మందే కాబట్టి వర్గానికి యాభై మందిని తీసుకుంటే, ఉన్న తేడాను కనిపెట్టే అవకాశం మూడో వంతు కూడా ఉండదు. పదింట ఏడు సార్లు మేలైన పద్ధతికి కూడా చెప్పుకోదగ్గ తేడా లేదన్న ముద్ర పడుతుంది. చదివేవారు దాన్ని తేడా లేదనే అర్థం చేసుకుంటారు. ఈ లెక్క వేయడం ఒక పూటలో నేర్చుకోవచ్చు. వేశాక, 400 మందిని చేర్చాలంటే మరో మూడు ఆసుపత్రులను కలుపుకోవాలని, లేదా ప్రశ్ననే మార్చుకోవాలని గ్రహించి ఆ పని చేయించగలగడం మాత్రం తరగతిలో రాదు. అందుకు ఆ పని చేసి ఉన్న పెద్దవారి వెంట తిరగాలి.

ఆ రకమైన శిక్షణకు ప్రపంచంలోనే మంచి ఉదాహరణ ఒకటి మద్రాసులో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో అక్కడ క్షయ చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పాయి. అప్పటికి క్షయరోగిని శానటోరియంలో ఉంచి, విశ్రాంతి, మంచి తిండి ఇచ్చి, కుటుంబానికి దూరం చేయడమే సరైన వైద్యమని లోకమంతా నమ్మేది. లక్షల మంది రోగులున్న దేశంలో అన్ని పడకలు లేవు. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలోని బృందం 193 మంది రోగులను, ఎవరు ఏ వర్గంలోకి వస్తారో ముందుగా ఎవరికీ తెలియని యాదృచ్ఛిక పద్ధతిలో, శానటోరియానికీ ఇంటి చికిత్సకూ విడదీసి, రెండు వర్గాలకూ ఏడాదిపాటు ఒకే మందులిచ్చింది. ఇంటి దగ్గరున్నవారు ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో ఉన్నా ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. ఇంట్లోవాళ్లకు వ్యాధి సోకడం కూడా హెచ్చలేదు. 1959లో ఈ ఫలితం వెలువడ్డాక ప్రపంచమంతటా క్షయ చికిత్స శానటోరియం నుంచి బయటికి వచ్చింది.

శిక్షణ దృష్టితో చూస్తే ఆ ఫలితంకంటే దాన్ని రాబట్టిన తీరు ముఖ్యమైనది. రోగి మందు నిజంగా మింగుతున్నాడో లేదో తెలుసుకోవడానికి సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లి మిగిలిన మందులు లెక్కపెట్టేవారు, మూత్రం తీసుకుని అందులో మందు జాడ ఉందో లేదో పరీక్షించేవారు. తప్పిపోయిన రోగి కోసం వీధులు గాలించేవారు. ఎక్స్‌రేలను చదివే నిపుణుడికి ఏది ఏ వర్గంవారిదో తెలియకుండా ఉంచేవారు. యువ భారతీయ వైద్యులు, గణాంక నిపుణులు, ఆరోగ్య సందర్శకులు ఈ పనుల్లోనే మునిగి ట్రయల్ విద్య నేర్చుకున్నారు. మందును ఎదురుగా మింగించి, వారానికి రెండుసార్లే ఇచ్చే చికిత్సా విధానాల మీద 1960లలో ఆ కేంద్రం చేసిన పని తర్వాతి కాలంలో, ఎదురుగా మందు మింగించే డాట్స్ విధానానికి పునాది అయింది. ఎవరికీ అక్కడ సర్టిఫికెట్ కోర్సు చేసే అవసరం రాలేదు. పైగా అది ఒక్క ట్రయల్‌తో మూతపడలేదు. పేర్లు మారినా ఐసీఎంఆర్ సంస్థగా ఇప్పటికీ చెన్నైలో కొనసాగుతోంది కాబట్టి, నేర్చుకున్నవారికి ఉద్యోగమూ, తర్వాత వచ్చినవారికి గురువులూ దొరికారు.

శిక్షణ తర్వాతి దశ గురించి అమెరికా అనుభవం అంత ఆశాజనకంగా లేదు. శిక్షణ గ్రాంటు ముగిసేలోగా సొంత పరిశోధనకు పెద్ద గ్రాంటు సంపాదించాలి. మొదటిసారి ఆ గ్రాంటు అందుకునే నాటికి వైద్యుల సగటు వయసు నలభై దాటి నాలుగైదేళ్లవుతోంది. గ్రాంటు రాకపోతే రక్షిత సమయం మర్నాటి నుంచే పోతుంది, వైద్యుడు తిరిగి ఓపీకి వెళ్తాడు. ఈ దశలో జారిపోయేవారిలో స్త్రీలు ఎక్కువ. పిల్లల పెంపకం, పెద్దల సంరక్షణ పడే ఏళ్లూ, గ్రాంటు సంపాదించుకోవాల్సిన ఏళ్లూ ఒకటే కావడం దీనికి ఒక కారణం. డోరిస్ డ్యూక్ ఫౌండేషన్ 2015లో పది వైద్య కళాశాలలతో ప్రారంభించిన పథకం ఇంటి బాధ్యతలు మీదపడిన యువ పరిశోధకులకు సహాయకులను పెట్టుకోవడానికే డబ్బు ఇచ్చింది. చిన్న మొత్తమే అయినా, సమస్య ఎక్కడుందో సరిగ్గా గుర్తించిన అరుదైన పథకాల్లో ఇదొకటి. రెండో కారణం గురించి మాట్లాడడానికి సంస్థలు ఇష్టపడవు. శిక్షణ గ్రాంటు పొందిన అధ్యాపకులను ప్రశ్నించి రేష్మా జగ్సీ బృందం 2016లో జామా పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, వృత్తిలో లైంగిక వేధింపును స్వయంగా ఎదుర్కొన్నామని చెప్పిన స్త్రీలు నూటికి 30 మంది, పురుషులు నలుగురు. ఒక్క గైడు చేతిలో ఐదేళ్ల భవిష్యత్తును పెట్టే ఏ పథకమైనా ఈ అంకెను ఎదురుగా పెట్టుకుని ఆలోచించాలి. గైడు ఒకరే కాక ముగ్గురు నలుగురి సంఘం ఉండాలన్న నియమం మేలైనది అనడానికి కారణాల్లో ఇదీ ఒకటి.

బ్రిటన్ ఈ ప్రశ్నను మరో దిక్కు నుంచి పట్టుకుంది. 2005లో మార్క్ వాల్పోర్ట్ సంఘం ఇచ్చిన నివేదిక తర్వాత ఇంగ్లాండులో, ప్రత్యేక వైద్య శిక్షణలో ఉన్న జూనియర్ డాక్టరుకు మూడేళ్ల పాటు పాతిక శాతం సమయాన్ని పరిశోధనకు ఇచ్చే పోస్టులు పెట్టారు. ఆ సమయంలో తగిన ప్రశ్న వెతుక్కుని పీహెచ్‌డీకి నిధులు సంపాదించాలి, తిరిగి వచ్చాక సగం సమయం వైద్యానికి, సగం పరిశోధనకు ఇచ్చే లెక్చరర్ పోస్టు నాలుగేళ్లు ఉంటుంది. గ్రాంటు వెంట పోస్టు కాకుండా పోస్టులోనే సమయం ఉండడం ఇక్కడి తేడా. వైద్యసేవ అంతా ఒకే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండడం వల్ల ఇది సాధ్యమైంది. మరోచోటికి ఎత్తుకెళ్లి నాటడం అంత సులువు కాదు.

భారతదేశంలో పీజీ వైద్యవిద్య బ్రిటిష్ వారసత్వమే అయినా, పరిశోధనకు సంబంధించినంతవరకు మిగిలింది థీసిస్ ఒక్కటే. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి విద్యార్థీ ఒక థీసిస్ రాయాలి. పరీక్షకు ఆరునెలల ముందే సమర్పించాలి. మొదటి ఏడాదిలో, వార్డు డ్యూటీల మధ్య, ఎథిక్స్ కమిటీ తేదీ తరుముకొస్తుండగా అంశం ఎంచుకోవాలి. పాత బ్యాచీల థీసిస్‌లు లైబ్రరీలో వరుసగా ఉంటాయి, అంశాలు తిరిగి తిరిగి వస్తాయి, రోగుల సంఖ్య సాధారణంగా యాభైకో వందకో సరిగ్గా వచ్చి ఆగుతుంది. పైన వేసిన లెక్క గుర్తున్నవారికి ఆ గుండు అంకెల అర్థం చెప్పనక్కర్లేదు. దేశంలో ఏటా వేల సంఖ్యలో తయారయ్యే ఈ థీసిస్‌లను ఒకే ప్రశ్న మీద పది కాలేజీలు కలిసి చేసేలా మలిస్తే, విడివిడిగా దేనికీ లేని బలం వాటికి వస్తుంది. విద్యార్థికి కూడా ట్రయల్ అంటే ఏమిటో నిజంగా తెలుస్తుంది. ఈ సూచన కొత్తదేమీ కాదు, దానికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. ప్రతి గైడుకూ తన థీసిస్ విడిగా కావాలన్న అలవాటే అడ్డు.

ఫలితం ఎలా ఉందో సమీరన్ నంది, మరో ఇద్దరు కలిసి 2016లో ప్రచురించిన లెక్క చూపింది. 2005 నుంచి 2014 వరకు దేశంలోని 579 వైద్య విద్యాసంస్థల, ఆసుపత్రుల ప్రచురణలు లెక్కిస్తే, 332 సంస్థల నుంచి ఆ పదేళ్లలో ఒక్క పత్రమూ వెలువడలేదు. ఏడాదికి వందకు మించి పత్రాలు ప్రచురించిన 25 సంస్థల వాటాయే మొత్తంలో 40 శాతం. పరిశోధనలో ఈ వెనుకబాటుకు నియంత్రణ సంస్థల స్పందన ఊహించదగ్గదే. అధ్యాపకుల పదోన్నతికి ఇన్ని పత్రాలుండాలని నియమం వచ్చింది. పత్రాలు పుట్టాయి, వాటిని డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలూ పుట్టాయి. తర్వాత చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ సాంక్రమిక వ్యాధుల అధ్యయన సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే పరిశోధన పద్ధతుల ప్రాథమిక కోర్సును పీజీలకూ అధ్యాపకులకూ తప్పనిసరి చేశారు. ఆ కోర్సు మంచిదే. అధ్యయన రూపకల్పన, శాంపిల్ లెక్క, పరిశోధనా నీతి వంటి మూల విషయాలు సూటిగా చెబుతుంది, ఉచితంగా వేలమందికి చేరుతుంది. అయితే తేలికైన భాగాన్ని దేశమంతటికీ తప్పనిసరి చేసి, వారానికి ఒక్క రోజయినా పరిశోధనకు విడిచిపెట్టే నియమం మాత్రం చేయకపోవడం గమనించాలి. వైద్య కళాశాలలో అధ్యాపకుల సంఖ్యను విద్యార్థుల సీట్లను బట్టీ, పడకలను బట్టీ నిర్ణయిస్తారు; పరిశోధనకు పోయే గంటలు ఆ లెక్కలోకి రావు.

పైమెట్టు మీద పరిస్థితి కొంత మెరుగు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో ఏర్పరచి హైదరాబాద్ కేంద్రంగా నడుపుతున్న ఇండియా అలయన్స్, ప్రయోగశాల శాస్త్రవేత్తలకే కాక వైద్యులకూ ప్రజారోగ్య పరిశోధకులకూ ఐదేళ్ల ఫెలోషిప్పులిచ్చింది. జీతం వ్యక్తికి ఇస్తుంది కాబట్టి సంస్థతో బేరమాడే బలం అతనికి వస్తుంది. హైదరాబాద్‌లోనే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మరో దారి చూపింది. 1987లో మొదలైన ఆ సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో పదివేల మందికి పైగా పరీక్షించి చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం, చూపు పోవడానికి కారణాలేమిటో లెక్కతేల్చడమే కాక, ఊళ్లలో కంటి కేంద్రాలు ఎలా ఉండాలో నిర్ణయించడానికీ ఆధారమైంది. వైద్యం, పరిశోధన, ఊళ్లలో సేవ ఒకే యాజమాన్యం కింద ఉండడం వల్ల అక్కడి యువ వైద్యుడికి వాటి మధ్య తిరగడం ఉద్యోగంలో భాగమే. ఇలాంటివి వేళ్ల మీద లెక్కించదగ్గవి.

ఈ శిక్షణలో తప్పు జరిగితే నష్టపోయేది పరిశోధకుడు కాడు. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా వేసిన ప్రదర్శన పథకం ఇందుకు సాక్ష్యం. ఆ బాలికల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండేవారు. ఖమ్మంలోనూ గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు బాలికల మరణాలు బయటపడ్డాక 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపివేశారు. విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. కానీ సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని, దుష్ఫలితాలను నమోదుచేసే వ్యవస్థ బలహీనంగా ఉందని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. సమ్మతి పత్రం నింపడమెలాగో తెలిసినవారే ఆ పని చేశారు; చదువురాని తల్లి పొలం నుంచి వచ్చేదాకా ఆగి, ఆమెకు కోయ భాషలోనో తెలుగులోనో అర్థమయ్యేలా చెప్పి, వద్దన్నా సరేనని రావాలన్న సంస్కారమే కొరవడింది. ఆ తర్వాత 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి వరకు నియంత్రణ గట్టిపడుతూ వచ్చింది. నియమాలు గట్టిపడ్డ కొద్దీ వాటిని అర్థం చేసుకుని నడవగల పరిశోధకులూ కోఆర్డినేటర్లూ కావాలి. వారి తయారీ మాత్రం ఆ వేగంతో జరగలేదు. కోఆర్డినేటర్లలో అధికులు పని చేస్తూ నేర్చుకున్నవారే.

ఈ దేశంలో ఒక ఆవిష్కరణ మొదటి నుంచి చివరిదాకా నడిచినప్పుడు ఏమేం కావలసి వచ్చిందో రోటావాక్ టీకా చరిత్ర చెబుతుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, వైరస్ సోకినా విరేచనాలు పట్టని నవజాత శిశువుల నుంచి ఎం.కె. భాన్ బృందం రోటావైరస్ రకం ఒకదాన్ని వేరుచేసింది. దాన్ని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ టీకాగా తయారుచేసింది; ఢిల్లీ, పుణె, వేలూరు కేంద్రాలలో 6,799 మంది శిశువుల మీద మూడో దశ ట్రయల్ జరిగింది; తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి పైగా తగ్గించగలదని 2014లో తేలింది. 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి వచ్చింది. శిశువు నుంచి శిశువుకు చేరడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఈ కాలమంతా ఒక ప్రశ్న వెంటే ఉండగలిగిన వైద్యులుండడం, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటి చోట్ల పేటలవారీగా పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించే బృందాలు అప్పటికే ఉండడం వల్లనే అంత పెద్ద ట్రయల్ నడిచింది. ఆ బృందాల్లో పనిచేసిన యువ పరిశోధకులకు నిధులు ప్రాజెక్టు పేరిటే వచ్చేవి. ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి మొదలయ్యే మధ్యకాలంలో క్షేత్రసిబ్బందిని నిలబెట్టుకోవడం అటువంటి ప్రతి కేంద్రంలోనూ ప్రధాన పరిశోధకుడి మీద పడే భారం. ఈ మధ్యకాలపు జీతానికి శిక్షణ పథకాల్లో గానీ పరిశోధన గ్రాంట్లలో గానీ పద్దు సాధారణంగా ఉండదు.